గన్నవర లంఘనం

నూరు యోజనాల సముద్రం దాటబోతున్న హనుమంతుణ్ణి మహేంద్రగిరి మీద బోర్డింగ్ పాస్ అడిగినవాడు లేడు. మన కథానాయకుడి కార్యం అంతకంటే దుర్ఘటం. మియాపూర్ నుంచి బెజవాడ వెళ్లాలి, అదీ విమానంలో.

శంషాబాద్‌కూ గన్నవరానికీ మధ్య ఆకాశమార్గం సుమారు 260 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ మీదుగా హైదరాబాద్ నుంచి బెజవాడకు కారులో పోయినా 270 చిల్లరే. గరుత్మంతుడికి మిగిలే లాభం పిసరంత. అయినా వీరుడు వీరుడే! టికెట్ మీద గంట పైచిలుకు ప్రయాణమని రాసి ఉంది. ఆ లెక్క ఇక్కడ చక్రాల కింది దిమ్మలు తీసింది మొదలు అక్కడ మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. గాలిలో ఉండేది ముప్పావుగంటకు అటూఇటూ.

త్రేతాయుగంలో పుష్పకం ఆకాశంలో ఎగిరేది. కలియుగంలో ఆర్టీసీ వారి పుష్పక్ బస్సు రోడ్డు మీద నడిచి విమానం దగ్గర దింపుతుంది. యుగధర్మం, ఏం చేస్తాం! కోడి కూయకముందే దాన్ని అధిరోహించిన నాయకుడు, కౌంటర్ మూసేస్తారన్న భయంతో రెండు గంటల ముందే శంషాబాద్ చేరాడు.

అక్కడ సురస నోరు తెరుచుకుని ఉంది. పేరు ఎక్స్‌రే యంత్రం. పర్సు, ఫోను, ల్యాప్‌టాప్, చివరికి నడుముకున్న బెల్టు కూడా ట్రేలో పడి, రబ్బరు తెరలు తప్పించుకుంటూ ఆ వక్త్రబిలంలోకి పోయాయి. నాయకుడు ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేయి చాచి, అణిమాసిద్ధి పొందినవాడిలా కుంచించుకుని నిలబడ్డాడు. ఆ గండం గడిచిందో లేదో, ఆతిథ్యం స్వీకరించమంటూ మైనాకుడు ఎదురయ్యాడు, కాఫీ దుకాణం రూపంలో. హనుమంతుడు మైనాకుణ్ణి చేత్తో తాకి సాగిపోయాడట. ధరల పట్టిక చూశాక మనవాడూ అంతే చేశాడు.

విమానం ఏటీఆర్. రెక్కలు నెత్తిమీద, రెక్కకొకటి చొప్పున ఆరు రేకుల పంకా. ఎక్కేది తోక వైపు నుంచి. ఈ కథలో తోక లేకపోతే ఎలా? దిక్కులు పిక్కటిల్ల, కుర్చీలు గడగడలాడ, కిటికీ పక్కన నిద్రపోతున్న పెద్దాయన గురక సైతం వినపడకుండా పోగా, ఆ విహంగరాజం లేచింది. గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుని కాస్త కాలు చాపుకునేసరికే దిగే ఏర్పాట్లు మొదలు. ఈలోగా బండి తోసుకుంటూ ఎయిర్ హోస్టెస్ చేసిన పోరు యుద్ధకాండకు తీసిపోదు. నాయకుడు నీళ్ల సీసా మూత తిప్పుతుండగానే ఎదుటి బల్ల మడవమన్నారు. కింద పులిచింతల దగ్గర కృష్ణమ్మ ఒక్కసారి తళుక్కుమంది, సీసా మూత వెతుక్కుంటూ ఆయన అదీ చూడలేదు.

గన్నవరంలో దిగి, పెట్టె కోసం తపస్సు చేసి, కారెక్కితే, నీడ పట్టి లాగే సింహిక రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్ రూపంలో కాచుకుని ఉంది. ఎండ నడినెత్తికి వస్తోంది.

"హైదరాబాద్ నుంచి ఎంతసేపు పట్టిందండీ?" అన్నాడు డ్రైవరు.

నాయకుడు ఛాతీ విరిచాడు. "ఎంతోనా, నలభై నిమిషాలు!"