షుగరున్న బావగారికి తీరుబడిగా వండిపెట్టే విధానం

లాల్‌దర్వాజ బోనాలకు బంధువులొస్తారు. రంజాన్ నెలలో హలీం పేరు చెప్పి స్నేహితులొస్తారు. ఎవరొచ్చినా వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి షుగర్ ఉండకపోదు. అలాంటి రోజున ఇంటి పరువు కాపాడేది స్లో కుక్కరే. పొద్దున పడేసి మర్చిపోతే సాయంత్రానికి అదే ఉడుకుతుంది.

క్రాక్‌పాట్ పేరుతో 1971లో అమెరికా అంగళ్ళకొచ్చిన ఈ వస్తువు మేనల్లుడి సూట్‌కేసులో దిగితేనే గౌరవం. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230 అని ఎవరో గొణుగుతారు. వినకండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టే డబ్బుతో బేగంబజార్‌లో బోలెడు పిస్తా వస్తుంది. నేరుగా ప్లగ్గు పెట్టేయండి. నిహారీకి ఇంత మంచి పొగవాసన ఎట్లా పట్టిందని వచ్చినవాళ్ళు అడుగుతారు.

దీనికి లో, హై అని రెండుంటాయి. రెండూ చివరికి చేరేది దాదాపు ఒకే వేడికి, లోలో ఆలస్యంగా చేరుతుంది, అంతే. గిన్నె సగం పైచిలుకు నింపి, మూత ముట్టకుండా వదిలేయాలని కంపెనీ వాళ్ళ ఉవాచ. మనమేమో షాలిబండ భట్టీల దగ్గర నిలబడి పెరిగినవాళ్ళం. అక్కడ మట్టిపొయ్యి మీది దేగ్‌లో మనుషులు చెమటలు కక్కుతూ ఘోట్నీ కర్రలతో గంటల తరబడి దంచితేనే హలీం సాగుతుంది. 2010లో జీఐ గుర్తింపు ఊరికే వచ్చిందా? మీరూ పదినిమిషాలకోసారి మూత తీసి పింగాణీ గిన్నెలో రోకలి దించండి. మూత తీసిన ప్రతిసారీ వంట పావుగంటో అరగంటో వెనక్కి పోతుంది. గిన్నె పగిలితే ఇంకాస్త పోతుంది. ఫ్రీజర్‌లోని మాంసాన్ని రాయిలా ఉండగానే వేయండి. అది పూర్తిగా వేడెక్కేలోగా క్రిములు కూడా పంక్తిలో కూర్చుంటాయి. అతిథిమర్యాద అందరికీ కదా.

హలీంలో తీపి లేదు గనుక షుగర్ వాళ్ళకు అది లెక్కలోకి రాదు. గోధుమా పప్పులూ పిండిపదార్థమేననీ, కడుపులోకి వెళ్ళాక చక్కెరే అవుతాయనీ చదువుకున్నవాళ్ళు అంటారు. పోనీయండి. రెండు కప్పులయ్యాక పురానీ హవేలీ చార్‌కోనీ నాన్ కూడా తెప్పించండి.

ఇక మీఠా. ఖుబానీని రాత్రి నానబెట్టి, గింజ తీసి, ఆ నీళ్ళతోనే కుక్కర్‌లో రెండు మూడు గంటలుంచితే పంచదార అక్కర్లేకుండానే చిక్కటి గుజ్జవుతుంది. ఎండు ఖుబానీ బరువులో సగం దాకా చక్కెరే మరి. చిన్న కటోరీలో రెండు చెంచాలు పెట్టి, పైన నాలుగు బాదం పలుకులు చల్లితే చాలు. కానీ పెళ్ళి దావత్‌లు తిన్న నోటికి అది ఆనుతుందా? బెల్లం కొట్టి వేయండి. బెల్లం ఆరోగ్యమని పెద్దలందరి తీర్మానం. అందులో అత్యధిక భాగం చక్కెరేనన్న సంగతి ఒంట్లో రక్తానికి తప్ప ఎవరికీ తెలియనక్కర్లేదు. అస్పర్టేమ్ గోలీలు కొన్నారా? పొద్దున్నే కుక్కర్‌లో వేసేయండి. గంటల తరబడి వేడి తగిలితే వాటి తీపి పోతుంది. సాయంత్రం రుచి చూసి, అయ్యో చప్పగా ఉందే అని దోసెడు పంచదార పోయండి. డబ్బా మీద షుగర్ ఫ్రీ అనే ఉంది కాబట్టి మీరు మాట తప్పినట్టు కాదు. డబల్ కా మీఠాకు మాత్రం బ్రౌన్ బ్రెడ్డే వాడండి. నెయ్యీ పాకమూ మామూలే.

బావగారు వద్దంటారు. మొహమాటం. "నీ చెల్లె చేసింది బావా, ఒక్క చెంచాకేమైతది! ఇయ్యాల గోలీ ఒకటి ఎక్కువేస్కో" అనండి. మోతాదు రాసిన డాక్టర్ ఆయన్ను చూసింది ఐదు నిమిషాలు, మీరు వండింది పొద్దంతా. ఎవరి మాట చెల్లాలి?

అన్నిటికీ మించింది వేళ. ఎనిమిదింటికి భోజనమని గట్టిగా చెప్పండి. నమ్మి, బావగారు పావుగంట ముందే ఇన్సులిన్ తీసుకుంటారు. అప్పుడు చూస్తే మాంసం ఇంకా ఎముకను వదల్లేదు. "ఐదే నిమిషాలు బావా" అంటారు మీరు. పాతబస్తీ ఐదు నిమిషాలు మనకు తెలియనివా? తొమ్మిదయ్యేసరికి ఆయనకు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. పొద్దున్నుంచి మీరు కాచుకున్న అదను ఇదే, ఇప్పుడు తీపి నిజంగానే మందు. అయితే డబల్ కా మీఠా పనికిరాదు, నెయ్యి వల్ల అందులోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. గ్లాసు నీళ్ళలో మూడు టీస్పూన్ల పంచదార కలిపి తాగించండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ అంతే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పైన చెప్పినవన్నీ మరిచినా సరే, ఈ ఒక్కటి మాత్రం చెప్పింది చెప్పినట్టు చేయండి. తేరుకోగానే ఆయనకు అన్నం పెట్టండి, కుక్కర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.