సూపర్ హీరో సినిమా మీద గొడవ పడేవాళ్ళకు కొన్ని సలహాలు

ఎర్రగడ్డ గోకుల్ థియేటర్లో సెకండ్ షో వదిలాక, మెట్రో స్తంభాల కింద బండ్లు స్టార్ట్ చేస్తూ కుర్రాళ్ళు వాదించుకుంటారు. "గ్రాఫిక్స్ కేక మామా" అంటాడొకడు. "మార్వెల్ ముందు ఇదేం గ్రాఫిక్స్‌రా, సీరియల్ లెక్కుంది" అంటాడు ఇంకొకడు. మూడోవాడు ఫోన్ తీసి మొదటిరోజు కలెక్షన్లు చదువుతాడు. దాంతో వాదన ముగిసి, ఒకరు బోరబండ వైపు, ఒకరు మూసాపేట వైపు వెళ్ళిపోతారు. రెండున్నర గంటలు కూర్చుని చూసిన కథ గురించి ఒక్కరూ నోరు విప్పరు.

నాకిది బాధగా ఉంటుంది. సూపర్ హీరో సినిమా బాగుందా లేదా అన్న గొడవ పిల్లకాయల గొడవ అని పెద్దవాళ్ళు కొట్టిపారేస్తారు. మామూలు మనిషికి లేని శక్తి ఎవరి చేతికి రావాలి, వచ్చాక వాడు దాంతో ఏం చెయ్యాలి అన్న ప్రశ్న ఆ గొడవలో ఉంది. అంతకంటే పెద్ద ప్రశ్న ఏ సినిమాలో మాత్రం ఉంది? అందుకని ఇంకా ఎక్కువగా, ఇంకా మొండిగా గొడవపడమంటాను. ఎలాగో చెబుతున్నాను. వీటిలో చాలావరకు మీరు ఇంతవరకు విన్న బుద్ధులకు ఎదురుగా ఉంటాయి. ఉండనివ్వండి.

కథంతా ముందే చెప్పించుకోండి

చూసొచ్చినవాణ్ణి పట్టుకుని మొదటి సీను నుంచి శుభం కార్డు దాకా చెప్పించుకుని, ఆ తరవాత టికెట్ కొనండి. ట్విస్ట్ పోతుందని బెంగ వద్దు. ట్విస్ట్ తెలిస్తే చప్పబడిపోయే సినిమా రెండోసారికి ఎలాగూ పనికిరాదు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటకాల వాళ్ళు తరతరాలుగా మాయాబజార్, పాతాళభైరవి ఆడుతూనే ఉన్నారు. ఘటోత్కచుడు ఏం చేస్తాడో ముందు వరసలో కూర్చున్న ముసలమ్మకీ తెలుసు, ఆమె ఒళ్ళో ఉన్న మనవరాలికీ తెలుసు. మనిషి గాల్లోకి లేస్తే వెనక తాడుందని తెలుసు. బాణానికి బాణం తగిలి నిప్పు రాలినప్పుడు, తీగ ఎక్కడ కట్టారా అని వెతుకుతున్న కుర్రాడు కూడా చప్పట్లు కొడతాడు. కథ తెలిసినవాడికి తరవాత ఏమవుతుందన్న ఆత్రం ఉండదు. వీడు ఈ పని ఎందుకు చేశాడు, ఇలాగే ఎందుకు చేశాడు అని చూస్తాడు. వాదనకు కూర్చునేవాడికి కావలసింది ఆ చూపే.

గ్రాఫిక్స్ మాట ఎత్తినవాడు అందరి టీ డబ్బులూ ఇవ్వాలి

ఈ షరతు నిజంగానే పెట్టుకోండి. గ్రాఫిక్స్ పని గొప్పదే, దాని మీద బతికే కుర్రాళ్ళు ఈ చుట్టుపక్కలే ఎందరో ఉన్నారు. కాకపోతే ఆ మాట దగ్గరే మన బుర్రలు ఆగిపోతున్నాయి.

ఆదిపురుష్ సంగతి తీసుకోండి. 2022 అక్టోబరులో అయోధ్యలో టీజర్ వదిలారు. గ్రాఫిక్స్ బొమ్మల్లా ఉన్నాయని దేశమంతా తిట్టింది. 2023 సంక్రాంతికి రావలసిన సినిమాను జూన్ 16కు జరిపి, ఆ నెలలన్నీ బొమ్మను దిద్దారు. తీరా విడుదలయ్యాక కొద్ది రోజుల్లోనే హడావుడిగా మార్చాల్సి వచ్చినవి ఏవి? హనుమంతుడి నోట పెట్టిన డైలాగులు. అంటే టీజర్ నాటి నుంచి మనం అరిచిందంతా పక్కదారి. పాత్ర ఎలా మాట్లాడుతుంది, ఎలా ఆలోచిస్తుంది అని ముందే అడిగి ఉంటే ఆ మాటే వాళ్ళ చెవిన పడేది. మనం వెంట్రుకల గురించి, తోలు గురించి అడిగాం. వాళ్ళు వెంట్రుకలూ తోలూ సరిచేశారు.

1957 మాయాబజార్‌లో కంప్యూటర్ లేదు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా, కె.వి. రెడ్డి బుర్ర ఉన్నాయి. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకు కనపడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని. ఒక్క పెట్టెతో నలుగురి మనసులూ బయటపెట్టేశారు. ఈ సినిమాలో మాయ ఏ మనసును బయటపెట్టింది అని ఇవాళ్టి ఏ సినిమానైనా అడగండి. జవాబు రాకపోతే ఎన్ని కోట్ల గ్రాఫిక్స్ పెట్టినా ఆ సినిమా ఓడినట్టే.

తక్కువ బడ్జెట్ అని జాలిపడొద్దు

హను-మాన్ వచ్చినప్పుడు నాకు ఎక్కువ విసుగు తెప్పించింది తిట్లు కాదు, పొగడ్తలు. 2024 జనవరి 12న గుంటూరు కారం వచ్చిన రోజే అది వచ్చింది. పెద్ద సినిమా పక్కన థియేటర్ల కోసం తన్నుకులాడింది. అందుకని "ఇంత తక్కువలో ఎంత బాగా తీశాడో" అన్న మాట ఊరంతా తిరిగింది. మీరు కొన్న టికెట్టుకు ఎవరైనా తగ్గించారా? జాలితో ఇచ్చిన మార్కులు ఆ సినిమాకే అవమానం.

ప్రశాంత్ వర్మ తీసిన ఆ సినిమాకు జాలి అక్కర్లేదు. అంజనాద్రిలో చిల్లర దొంగతనాలు చేసే హనుమంతు చేతికి మణి వస్తుంది. ఎండ ఉంటేనే అది పనిచేస్తుంది. ఆ ఒక్క నియమంతో పొద్దుగూకితే చాలు, హీరో మళ్ళీ మామూలు కుర్రాడు. కథకు అంతకంటే ఏం కావాలి? విలన్ మైఖేల్ ఇంకా మంచి ఊహ. సూపర్ హీరోలకు అమ్మానాన్నలు ఉండరని కామిక్స్ చూసి నేర్చుకుని, చిన్నప్పుడే కన్నవాళ్ళను చంపేస్తాడు. సూపర్ హీరో పిచ్చి ముదిరితే ఏమవుతుందో తెలుగు తెర మీద అంత సూటిగా చూపించినవాళ్ళు లేరు. ఇక లోపం. చివర్లో హనుమంతుడి రాకతో హాలు మొత్తం పూనకంతో ఊగిపోయింది. ఆ ఊపులో హనుమంతు అనే కుర్రాడి కథ ఎక్కడ తేలిందో ఎవరూ పట్టించుకోలేదు. ఈ మూడు విషయాల మీద రాత్రి రెండింటిదాకా కొట్టుకోవచ్చు. బడ్జెట్ లెక్క మీద రెండు నిమిషాలు కూడా నడవదు.

దేవుడి సినిమాలోనూ లాజిక్ అడగండి

"సినిమాలో లాజిక్ ఏంట్రా, అదీ దేవుడి సినిమాలో" అంటారు. వినకండి. మాయ ఎక్కువయ్యేకొద్దీ లాజిక్ ఎక్కువ కావాలి. మాయాబజార్‌లో సత్యపీఠం ఎక్కినవాడు నిజమే చెప్పాలి. శకుని ఎక్కాడు, నిజం కక్కాడు. ఆ ఒక్కడికి మాత్రం మినహాయింపు ఇచ్చి ఉంటే ఆ సినిమా అక్కడితో సరి. 2012లో రాజమౌళి ఈగ తీసినప్పుడు కూడా అంతే. చచ్చి ఈగగా పుట్టినవాడికి ఈగ బలమే ఇచ్చాడు. ఎదుటివాడి నిద్ర చెడగొట్టడం, చెవి దగ్గర గీపెట్టడం, చిన్న సూది పట్టుకుని తిరగడం. సూక్ష్మకళ తెలిసిన బిందు వాడికి సరిపడే సామాను చేసి ఇచ్చింది. ఈగ ఎప్పుడూ ఏనుగులా పోట్లాడలేదు. ఆ సినిమాకు వచ్చిన రెండు జాతీయ అవార్డుల్లో ఒకటి స్పెషల్ ఎఫెక్ట్స్‌కే. నా తీర్పు మాత్రం ఇది: ఆ నియమం తప్పి ఉంటే ఆ ఎఫెక్ట్స్‌ను ఎవరూ గుర్తుపెట్టుకునేవాళ్ళు కాదు.

జాంబవంతుడు ఎవరని అడగండి

నేను ఎక్కువ సేపు మాట్లాడదలచుకున్న సలహా ఇదే.

1980లో ఎన్టీఆర్ సూపర్ మ్యాన్‌గా వచ్చారు, దర్శకుడు వి. మధుసూదనరావు. అంతకు రెండేళ్ళ ముందే హాలీవుడ్ సూపర్ మ్యాన్ వచ్చింది. ఆ సూపర్ మ్యాన్ వేరే గ్రహం నుంచి పడ్డ బిడ్డ. మన సూపర్ మ్యాన్‌కు శక్తి ఇచ్చింది ఆంజనేయస్వామి. నలభై నాలుగేళ్ళ తరవాత హను-మాన్ హీరో తేజ సజ్జకు శక్తి వచ్చిందీ అక్కడి నుంచే. కాపీ కొట్టడానికి అమెరికా కామిక్ చేతిలో ఉన్నా, మనవాళ్ళ మనసు రెండుసార్లూ హనుమంతుడి దగ్గరికే ఎందుకు పోయింది?

ఆయన కథలోనే జవాబుంది. హనుమంతుడికి తన బలం తనకు తెలియదు. సముద్రం ముందు కూర్చుని అందరూ దిగులుపడుతున్నప్పుడు జాంబవంతుడు వచ్చి గుర్తుచేయాలి. అప్పుడే ఆయన పెరుగుతాడు. మన సూపర్ హీరోకి బలం ఎక్కడి నుంచి వచ్చిందన్నది పెద్ద ప్రశ్న కాదు. ఎవరు గుర్తు చేశారు అన్నది ప్రశ్న. ఆ గుర్తుచేసే మనిషి గట్టిగా ఉంటే సినిమా నిలబడుతుంది. హను-మాన్‌లో అక్క అంజమ్మ ఉంది. వరలక్ష్మి శరత్‌కుమార్ ఆ పాత్రను నేల మీద నిలబెట్టింది గనక హనుమంతు ఎగిరినా మనం నమ్మాం. 2025లో వచ్చిన మిరాయ్‌లో విభ వచ్చి, తానెవరో తెలియని కుర్రాడికి అతని పని ఏమిటో చెబుతుంది. కల్కి 2898 ఏడీలో ప్రభాస్ భైరవ కాంప్లెక్స్ లోపలికి వెళ్ళడానికి యూనిట్లు పోగేసుకునే స్వార్థపరుడు. చివరిదాకా అతనికి గట్టిగా గుర్తుచేసేవాళ్ళు లేరు. అందుకే "మా హీరోకి తెర మీద టైం చాలలేదు" అని ఫ్యాన్స్ బాధపడ్డారు. టైం కాదు వాళ్ళకు తక్కువైంది, జాంబవంతుడు తక్కువయ్యాడు. అశ్వత్థామ పాత్ర మనసుకు పట్టిందంటే, తనకు ఏ శాపం ఉందో, ఏ పని మిగిలిందో ఆయనకు తెలుసు గనకే. దర్శకుడు నాగ్ అశ్విన్ తరవాతి భాగంలో ఆ లోటు తీరుస్తాడని నా ఆశ. ఆశ పెట్టుకుని మార్కులు వేయకూడదు కాబట్టి, మొదటి భాగానికి ఆ లోటు అలాగే లెక్కలోకి వస్తుంది.

అందుకే ఇంకో మాట: చివరి పేర్లు పడటం మొదలవగానే లేచి వచ్చేయండి. పేర్ల తరవాత వచ్చే బిట్టు చూడొద్దు. యూనివర్స్ అనీ, రాబోయే భాగం అనీ చూపించే ఆ రెండు నిమిషాలు ఇప్పటిదాకా చూసిన సినిమా మీద మన తీర్పును లంచం ఇచ్చి మార్చేస్తున్నాయి.

మీకు నచ్చిన సినిమాను మీరే తిట్టండి

2019లో మార్టిన్ స్కోర్సెసీ మార్వెల్ సినిమాలు సినిమాయే కాదని, థీమ్ పార్కుల్లాంటివని అన్నప్పుడు ఇక్కడి మార్వెల్ అభిమానులు కూడా మండిపడ్డారు. మీరు మార్వెల్ అభిమాని అయితే ఒక సాయంత్రం ఆ పెద్దాయన పక్షాన నిలబడి వాదించండి. ఆ సినిమాల్లో ఎవరికీ నిజమైన ప్రమాదం లేదని చెప్పండి. అప్పుడు ఎదుటివాడు ఎండ్‌గేమ్‌లో టోనీ స్టార్క్ చావును తెస్తాడు. ఇన్ఫినిటీ వార్‌లో రానా గొంతుతో తెలుగు మాట్లాడిన థానోస్‌ను తెస్తాడు, వాడికి పిచ్చిదైనా ఒక కారణం ఉందంటాడు. మీ అభిమాన సినిమా గొప్పతనం మీకంటే ఎదుటివాడి నోటే బాగా వింటారు. ప్రభాస్ ఫ్యాన్ తేజ సజ్జ సినిమాను వెనకేసుకురావాలి, మహేష్ ఫ్యాన్ ప్రభాస్ సినిమాను. వీలైతే ఆ హీరో ఫ్యాన్స్ మధ్యలోనే టికెట్ తీసుకోండి. మీకు చప్పగా అనిపించిన చోట వాళ్ళు ఎందుకు లేచి నిలబడ్డారో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

"ఎవరి టేస్ట్ వాళ్ళది" అని మాత్రం అనొద్దు. స్నేహం కాపాడటానికి ఆ మాట వాడతారు గానీ, "నీతో మాట్లాడటం దండగ" అని చెప్పడమే అది. ఇంకో మాట కూడా వదిలేయండి. సినిమా నచ్చిందన్నవాణ్ణి "ఎర్రగడ్డకి పంపాలి" అంటుంటారు. ఇక్కడి మానసిక వైద్యశాలలో ఉన్నవాళ్ళు మన వాదనలో తిట్టుగా పనికొచ్చే మనుషులు కారు. ఇక చెయ్యి ఎత్తడం గురించి: ఆదిపురుష్ విడుదలైన రోజు ప్రసాద్స్ మల్టీప్లెక్స్ బయట, సినిమా బాలేదన్న ప్రేక్షకుణ్ణి కొందరు కొట్టిన వీడియో మనమంతా చూశాం. హీరో శక్తి దేనికి వాడాలో మూడు గంటలు చూసి వచ్చి, బయట ఒంటరివాడి మీద పదిమంది పడ్డారంటే వాళ్ళు సినిమాయే చూడలేదు.

వాదన కృష్ణానగర్‌లో పెట్టుకోండి

ఎర్రగడ్డ నుంచి యూసుఫ్‌గూడ మీదుగా కృష్ణానగర్ ఎంతో దూరం లేదు. దాని పైన ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. ఫిలిం ఛాంబర్, రామానాయుడు స్టూడియో, ఎడిటింగ్ రూములు అన్నీ ఆ గట్టు మీదే. పెద్ద ఇళ్ళలోని వాళ్ళకు మన గొంతు వినపడదు. కానీ రేపటి కథలు రాసే అసిస్టెంట్ డైరెక్టర్లు, ఒక్కో ఫ్రేమ్‌లో తాడు చెరిపే కుర్రాళ్ళు కృష్ణానగర్ టీ కొట్ల దగ్గరే నిలబడి ఉంటారు. మన మాట చెవిన వేసుకునేది వాళ్ళే. ఆదిపురుష్ టీజర్ సమయంలో వెంట్రుకల గురించి అరిస్తే వెంట్రుకలు మారాయి. ఈసారి నియమం గురించి, జాంబవంతుడి గురించి అరవండి. మెల్లగా మాట్లాడటం మర్యాద అని ఎవరైనా చెబితే వినకండి. పక్కన టీ తాగుతున్నవాడికి స్పష్టంగా వినపడాలి.