మనది మిషను: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేని ముక్క రాయనని మాటిచ్చి కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. మూలకర్త పేరు తెలియదు. పద్యం పాలంపేటలో పుట్టిందని ప్రతీతి.

ఆ.వె.
మీట నొక్కినంత మింటి తుమ్మెదవలె
మోగి, తలను పెరుగు మొలక గోసి,
యింటి యరుగు మీద నిల్లాలి చేతిలో
మనది మిషను, డబ్బు మనకె మిగులు.

ప్రతిపదార్థం: మీట = స్విచ్చి; నొక్కినంత = నొక్కిన వెంటనే (చార్జింగు ఉంటే అని అధ్యాహారం); మింటి తుమ్మెదవలె = ఆకాశంలోని తుమ్మెదలా (అది మింటనే ఎందుకుంది? యతి కోసం); మోగి = ఝుమ్మని; తలను = భర్త తల మీద (కవి మర్యాదకొద్దీ చెప్పలేదు); పెరుగు మొలక = ఎదిగే జుట్టు; కోసి = కత్తిరించి; ఇల్లాలి చేతిలో = భార్య చేతిలో; మనది = దేశవాళీది; మిషను = కటింగ్ మిషను; డబ్బు = షాపులో ఇవ్వవలసినది; మనకె మిగులు = మన జేబులోనే ఉండును.

తాత్పర్యం: స్వదేశీ మిషను కొని ఇంట్లోనే కటింగ్ చేసుకుంటే ఖర్చు తగ్గును.

విశేషాలు: తుమ్మెద ఉత్త అలంకారం కాదు. 1919లో అమెరికాలో లియో వాల్ పేటెంటుకు పెట్టిన మిషనులో అయస్కాంతం పలకను లాగి వదులుతుంటుంది. ఆ జాతి వైరు మిషన్లను మన 50 హెర్ట్జ్ కరెంటులో పెడితే పై బ్లేడు సెకనుకు 100 సార్లు, నిమిషానికి 6000 సార్లు అటూ ఇటూ కదులుతుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ గనుక అక్కడ 7200. అంటే మన తుమ్మెద ఒక మెట్టు కింది శ్రుతిలో పాడుతుంది. బ్యాటరీ మిషన్లలో ఉండేది తిరిగే మోటారు. దాని శ్రుతి దానిదే.

‘కోసి’ దగ్గర కవి తొందరపడ్డాడు. ముందు పెద్ద దువ్వెన తగిలించాలి. సాధారణంగా ఒకటో నంబరు 3 మిల్లీమీటర్ల జుట్టు ఉంచుతుంది, రెండో నంబరు 6. నాలుగుతో మొదలెట్టి రెండుకు దిగవచ్చు. రెండుతో మొదలెట్టి నాలుగుకు ఎక్కే దారి లేదు. పద్యం పుట్టిన పాలంపేటలోనే రామప్ప గుడి మదనికల కొప్పులు నల్లరాతిలో చెక్కినవాడికి ఉలి జారితే అంతే సంగతులు. ఇల్లాలికి ఆ భయం లేదు; నెలకు సెంటీమీటరు పైనే మళ్లీ మొలుస్తుంది.

‘ఇంటి యరుగు’ అనడంలో చరిత్ర ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి షాపులు మూతపడ్డాయి. మే 12న ప్రధాని లోకల్ సరుకు కొనమన్నాడు. నెత్తిమీద రెండు నెలల జుట్టుతో విన్నవాళ్లకు ఆ మాట సూటిగా తగిలింది.

ఇక ‘మనది’. పద్యానికి ఆయువుపట్టూ ఇదే, అనుమానమూ ఇక్కడే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ రామప్ప గుడిని మనదనడానికి దేన్నీ తిప్పి చూడనక్కర్లేదు. మిషను డబ్బాను మాత్రం తిప్పాలి. ముందువైపు మన కంపెనీ పేరుంటుంది, వెనక చిన్నక్షరాల్లో కంట్రీ ఆఫ్ ఆరిజిన్ చైనా అని ఉండవచ్చు. ఇండియా అనే ఉన్నా, లోపలి లిథియం సెల్లు సముద్రం దాటి వచ్చిందే కావచ్చు. మీరట్‌లో తుక్కు ఉక్కు కరిగించి చేసే కత్తెరకు 2013లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, మనదంటే అదీ. అంత పట్టుదల పడితే వెయ్యి లోపు మిషను దొరకదు. ఇక్కడ బిగించినదై, బ్లేడు పోతే విడిగా దొరికి, వరంగల్‌లో విప్పి బాగుచేసేవాడుంటే ‘మనది’ చెల్లుతుందని టీకాకారుడి మతం.

పూర్వపక్షం: డబ్బు మనకు మిగిలితే కటింగ్ షాపాయనకు ఏం మిగులుతుంది? తండ్రీ ఇద్దరు కొడుకులూ ఉన్న ఇంట్లో, కటింగ్ వంద అనుకుంటే, తొమ్మిది వందల మిషను మూడు నెలల్లో గిట్టుబాటు. ఆ తొమ్మిది వందలూ ఆయనవే. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం చేసింది. కరెంటు తేరగా వచ్చినా, కూర్చునే తల రావాలిగదా. సమాధానం సగమే దొరుకుతుంది: మేడారంలో తలనీలాలకూ పెళ్లిలో సన్నాయికీ ఆయనే కావాలి. చెవి వెనక ఇల్లాలు వదిలేసిన మెట్లు సరిచేయడానికీ ఆయనే. మిగతా సగం పూర్వపక్షం అలాగే నిలిచింది.

మంగళవారం షాపు మూసే ఉంటుంది. మిషనుకు ఆ పట్టింపు లేదు. ఇంట్లో అత్తగారికి ఉంది.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం ‘మనది మిషను, జుట్టు మనకె మిగులు’ అని ఉంది. సగం తలలో బ్యాటరీ అయిపోయిన గృహస్థులు దీన్నే సమర్థిస్తారు. గణాలు రెండిటికీ సరిపోయాయి, యతీ చెడలేదు. కనుక ఏ పాఠం నిలుస్తుందో ఆనాటి చార్జింగును బట్టి తేల్చుకోవాలి.