సుప్రా పునర్జన్మకు టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

ఇంటి పేరు మనది యింజను పరులది
పుట్టినూరు చూడఁ బూర్తి వేరు
తాత యశముఁ దలఁచి ధరఁ బెంచి యమ్మెడు
కారు మఱల వచ్చెఁ గనులు చెదర

అవతారిక: టయోటా వంశంలో, సెలికా శాఖన 1978లో పుట్టి, నాలుగు తరాలు వెలిగి, 2002లో వారసుడు లేక ఆగిపోయిన కారు సుప్రా. 17 ఏళ్లు గడిచాక, 2019 జనవరిలో అప్పటి కంపెనీ అధిపతి అకియో టొయోడా డెట్రాయిట్ మోటార్ షోలో దాన్ని మళ్లీ నిండు సభకు తెచ్చారు. పద్యం ఆ సందర్భానిది. కవి ఎవరో తెలియదు. కమిషన్ మీద బతికేవాడని శైలి చెబుతోంది.

ప్రతిపదార్థం: ఇంటి పేరు = ముందూ వెనకా అతికించిన బిళ్ల; మనది = టయోటాదే; ఇంజను = వరసగా ఆరు సిలిండర్లున్న 3 లీటర్ల టర్బో; పరులది = మ్యూనిక్‌లోని బీఎండబ్ల్యూ వారిది; పుట్టినూరు = ఆస్ట్రియాలోని గ్రాజ్, అందునా మాగ్నా స్టెయిర్ అనే మూడో వారి ఫ్యాక్టరీ; పూర్తి వేరు = జపాన్ కాదని భావం; తాత యశము = 1967 నాటి 2000 జీటీ మొదలు 1993 నాటి సుప్రా దాకా పేరుకున్న కీర్తి; తలఁచి = సినిమా చూసి గుర్తు తెచ్చుకుని (2001 నాటి సినిమాలో నటుడు పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు బండి ఇక్కడ వివక్షితం); ధరఁ బెంచి = అమ్మకానికి తయారైన మొదటి కారును వేలం వేసి 21 లక్షల డాలర్లు రాబట్టి (సొమ్ము ధర్మకార్యాలకే పోయింది కనుక దోషం లేదు); కారు = కారే; తక్కినది సులభం.

తాత్పర్యం: ఒడ్డూ పొడుగూ సొంతవి, గుండెకాయ ఎరువుది అయిన కారును పెద్దల పేరు చెప్పి అమ్మారు, జనం కొన్నారు.

విశేషాలు: ఇక్కడ పూర్వపక్షులు లేచి గొడవ పెడతారు. బానెట్ ఎత్తితే బీఎండబ్ల్యూ ముద్ర ఉన్న భాగాలు కనబడుతున్నాయి. లోపల గేరు పక్కన తిప్పే గుండ్రటి నాబ్ కూడా వారిదే. అదే ఫ్యాక్టరీలో బీఎండబ్ల్యూ జడ్4 కూడా తయారైంది. ఇటువంటివాణ్ణి కొడుకని ఎలా అంటాం? 1993 సుప్రాలోని ఇనుప బ్లాకు ఇంజను, 2జేజెడ్, సొంత ఇంట్లో పుట్టింది. మెకానిక్కులు పెద్ద టర్బోలు తగిలించి దాని శక్తిని మూడింతలు చేసినా ఓర్చుకుంది. వారసత్వమంటే అదీ, అని వాదం.

దీనికి సిద్ధాంతి జవాబు: నాయనా, ధర్మశాస్త్రం పుత్రుల్ని 12 రకాలుగా చెప్పింది. ఔరసుడు ఒక్కడే కొడుకైతే భారతం ఆదిపర్వంతోనే ఆగిపోవును. సుప్రా క్షేత్రజుడు, పరుల వల్ల ఈ ఇంట పుట్టినవాడు. అతని పెద్దాయన సంగతి చూడు. 2000 జీటీని టయోటాతో కలిసి తీర్చిదిద్దిందీ, తయారుచేసిందీ యమహా. ఆరు సిలిండర్ల మీద ఆ తలకాయ యమహా వారు పెట్టిందే. మొత్తం 350 చిల్లర బండ్లు వచ్చాయి, అంతే. అంటే పాండురాజే వ్యాసుడి వల్ల పుట్టాడు, పాండవులు దేవతల వల్ల పుట్టారని అల్లరి దేనికి? పైగా సుప్రా అంటే వరస ఆరు సిలిండర్లుండాలని అభిమానుల పట్టు. కొత్తది మొదట్నుంచీ తయారుచేస్తే లెక్క తేలదు. బీఎండబ్ల్యూ ఇంట్లో అది సిద్ధంగా ఉంది. టయోటా వారి మరో కారు జీఆర్86 విషయంలోనూ ఇదే న్యాయం, అక్కడ నియోగం సుబారుతో.

నా మట్టుకు ఈ సిద్ధాంతం తెలివైనదే గాని, తృప్తినివ్వదు. ఎందుకంటే అదే ఇంట్లో 2020లో ఒక ఔరసుడు పుట్టాడు, జీఆర్ యారిస్. చూడ్డానికి బుడ్డోడు. 1.6 లీటర్లు, మూడే సిలిండర్లు, పుట్టినప్పుడు జపాన్‌లో 272 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ తోపు. ర్యాలీ కోసం కన్నారు గనక మామూలు యారిస్‌కు లేని మూడు తలుపుల ఒళ్లు, కార్బన్ పైకప్పు ఇచ్చారు. మోటోమాచి ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టు లేకుండా, మనుషులు చేత్తో బిగిస్తారు. సుప్రాకు పట్టాభిషేకం చేశారు. గద్దె అర్హత మాత్రం వీడిది.

ప్రక్షిప్తం: వంశచరిత్ర ప్రతుల్లో చాలావాటిలో 1995 నాటి శ్లోకం కనబడదు. ఆ ఏడు ప్రపంచ ర్యాలీలో సెలికా టర్బోకు గాలి కొలిచి పంపే రింగును ఒక స్ప్రింగు ఉపాయంతో జరిపారు. విప్పి చూస్తే నిబంధన ప్రకారమే ఉంటుంది. బిగిస్తే పక్కనుంచి దొంగగాలి పోతుంది. పట్టుబడ్డారు, ఏడాది వెలి పడింది. ఆ పనితనాన్ని చూసి శిక్ష వేసిన సంస్థ అధిపతే ముచ్చటపడ్డారు. బ్రోషర్లలో వారసత్వం పేజీకి ఇది ఎక్కలేదు.

పాఠాంతరం: సుప్రా గాని, జీఆర్ యారిస్ గాని మన దేశంలో షోరూముల్లో అమ్మకానికి రాలేదు. కనుక ఆంధ్ర, తెలంగాణ ప్రతుల్లో మొదటి పాదం 'ఇంటి పేరు మనది యింజను పాతదె' అని ఉంది. గణాలకూ యతికీ భంగం లేదు. ఇందుకు లక్ష్యం 2022లో వచ్చిన ఫార్చునర్ జీఆర్-ఎస్. అదే 2.8 లీటర్ల డీజిలు, అదే 204 హార్స్‌పవర్. సస్పెన్షన్ కాస్త బిగించి, జీఆర్ అక్షరాలు అతికించారు. దాని అద్దం మీద ఎమ్మెల్యే స్టిక్కరు కూడా ఉంటే, వ్యాఖ్యాత పుస్తకం మూసి దారి ఇవ్వవలెను.