నలభై దాటిన మగమహారాజులకు ఆరోగ్య సూత్రాలు

హెచ్‌బీఏ1సీ 6.1 అని రిపోర్టు రాగానే చేయాల్సిన మొదటి పని, దాన్ని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే డాక్టర్లు ప్రీడయాబెటిస్ అంటారు. రోజూ నడిచి, కాస్త బరువు తగ్గి, అన్నం తగ్గించి కూర పెంచితే చాలామందికి అది అదుపులోకి వస్తుంది. మీరు మరీ అంత చిన్నగా ఆలోచించకండి. "ఇవాళ్టి నుంచి మనింట్లో తెల్లన్నం బంద్" అని ప్రకటించండి. ప్రకటన మీది, అమలు ఆవిడది.

సిరిధాన్యాలు అయిదూ ఒకేసారి తెప్పించండి. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు. వీటిని వండే ముందు గంటల తరబడి నానబెట్టాలి కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని నానబోయాలి. ఆ గుర్తుచేసే బాధ్యత మీరు తీసుకోండి, మంచం మీద నుంచే. పిల్లలు కొర్రన్నం ముట్టరు, మీ అమ్మగారికి మెత్తటి అన్నమే కావాలి. కనక పొయ్యి మీద రెండు కుక్కర్లు ఎక్కుతాయి. రాత్రి మిగిలిన తెల్లన్నం మర్నాడు ఎవరు తింటారన్నది ఆరోగ్యశాస్త్రం పరిధిలోకి రాదు.

రాత్రికి జొన్నరొట్టె అడగండి. జొన్నపిండిలో గ్లూటెన్ ఉండదు, కాబట్టి సాగదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి చుర్రుమంటుండగానే మర్దించాలి. చపాతీ కర్రతో ఒత్తితే అంచులు విరుగుతాయి. అందుకే అరచేత్తో తడుతూ, తిప్పుతూ, తడుతూ పల్చన చేయాలి. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు పూసి, ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. ఇంతా చేసి చల్లారితే అట్టముక్క. అందువల్ల మీరు ముందే టేబులు దగ్గర కూర్చుని, ఒక్కొక్కటీ పెనం మీంచి నేరుగా మీ కంచంలో పడేలా చూసుకోవాలి. "నువ్వూ రారాదూ, కలిసి తిందాం" అని పిలవడం మాత్రం మరవకండి. రావడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు గనక ఆ మాట ఎంత ధారాళంగా అన్నా నష్టం లేదు.

మునగాకు కూడా మంచిదే. పెద్ద కట్ట తెచ్చి గట్టు మీద పడేయండి. ఆ చిన్న చిన్న ఆకుల్ని రెమ్మ రెమ్మకీ దూసి, పుల్లలు ఏరి, పప్పులో పడేసేసరికి ఒక సీరియల్ అయిపోతుంది. ఆ వేళ పక్కనే కూర్చుని ఫోన్లో జాతీయ పోషకాహార సంస్థ సలహాలు చదివి వినిపించండి. తార్నాకలో ఉన్న ఆ సంస్థ, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంటుంది. చక్కటి మాట. ఎవరు తరగాలో వాళ్లేమీ రాయలేదు, మీరూ అడగక్కర్లేదు.

ఇక యోగా. తెల్లవారుజామున, ఖాళీ కడుపుతో వేయాలి. మీరు అయిదింటికి లేవాలంటే గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండి ఇచ్చే మనిషి అంతకంటే ముందే లేవాలి. సూర్యనమస్కారాలకి పెద్ద ఇబ్బంది లేదు, బాల్కనీలో ఆరేసిన బట్టలు తీసేయమంటే చాలు. చిక్కంతా శవాసనం దగ్గర వస్తుంది. మీరు కళ్లు మూసుకుని, ఒళ్లంతా వదిలేసిన సరిగ్గా ఆ క్షణానే వంటింట్లో అల్లప్పచ్చడికి మిక్సీ మోగుతుంది. కోప్పడకండి, యోగికి తగదు. కళ్లు తెరవకుండానే "ఏమోయ్!" అని ఒక్క కేక వేయండి. మిక్సీ ఆగుతుంది, దాంతో పచ్చడి ఆగుతుంది, పచ్చడితో పాటు టిఫిన్ ఆగుతుంది. స్కూలు బస్సు ఒక్కటే ఆగదు. అది మీ శవాసనానికి సంబంధించిన విషయం కాదు.

యోగా దినోత్సవాలకి ఒక్కరే వెళ్లండి. 2025 జూన్ 21న విశాఖ తీరంలో 3 లక్షల మందికి పైగా చాపలు పరిచారు, వాళ్లలో ఆడవాళ్లు బోలెడంత మంది. అలాంటి చోటికి ఆవిణ్ణి తీసుకెళితే అలవాటైపోయే ప్రమాదం ఉంది.

యోగా పాతబడిందనిపిస్తే పిలాటిస్‌లో చేరండి. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు, చిన్నప్పుడు ఉబ్బసంతో, రికెట్స్‌తో బాధపడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ శత్రుదేశస్థుడని నిర్బంధ శిబిరంలో పెడితే, తోటి ఖైదీలకి కసరత్తులు నేర్పుతూ తన పద్ధతికి మెరుగులు దిద్దుకున్నాడు. తర్వాత న్యూయార్క్ వెళ్లి స్టూడియో పెట్టాడు. ఆయన సహచరి క్లారా కూడా పక్కనే ఉండి పాఠాలు చెప్పేది, 1967లో ఆయన పోయాక స్టూడియోని ఆవిడే నడిపింది. పేరు మాత్రం ఆయనదే నిలిచింది. కసరత్తు సంగతి ఎలా ఉన్నా, ఇది మాత్రం మనకి బాగా వంటబట్టే పద్ధతి.

అందులో 'హండ్రెడ్' అని ఒకటుంది. వెల్లకిలా పడుకుని, తలా కాళ్లూ పైకి లేపి, చేతులు చాపి ఆడిస్తూ, అయిదు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, మరో అయిదు లెక్కపెట్టేదాకా వదలాలి. అలా పదిసార్లు. పొట్ట కండరాలు గజగజలాడతాయి. ఇంటికొచ్చి ఆ గజగజని విపులంగా వర్ణించండి. ఆ సమయానికి ఆవిడ సిలిండర్ మారుస్తూ ఉండొచ్చు. అందులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే 30 కిలోల దాకా తూగుతుంది. కోర్ స్ట్రెంగ్త్ అంటే ఏమిటో వివరించడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

ఆవిడకి వ్యాయామం అక్కర్లేదా అని ఎవరైనా నిలదీస్తే లెక్కలతో కొట్టండి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్లే వందకి 26 మంది. అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువగా కదిలే మనిషికి మళ్లీ చాపెందుకు? నడుం నొప్పి అంటే వయసు మీద పడిందనండి. గట్టు ముందు గంటలకొద్దీ వంగి నిలబడితే నడుం బలపడదు, పట్టేస్తుంది. ఆ తేడా ఫిజియోథెరపిస్టులకి తెలుసు కాబట్టి వాళ్ల దగ్గరికి పంపకండి.

మీ షుగరు మూడు నెలలకోసారి చూపించుకోండి. ఆవిడ హిమోగ్లోబిన్ జోలికి మాత్రం పోకండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది, అదే వయసు మగవాళ్లలో 25 శాతానికే. తెలంగాణ, ఆంధ్ర ఆడవాళ్ల అంకెలు కూడా ఆ 57కి తగ్గలేదు. పరీక్ష చేయిస్తే తేలుతుంది. తేలితే మునగాకు పప్పు, మాంసం ముక్కలు ఆవిడకీ వడ్డించాలి, అప్పుడు మీకు తగ్గుతాయి. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ అడుగున మిగిలిన చారన్నం తిని, వెంటనే టీ పెట్టుకుంటుంది. టీలోని టానిన్లు తిండిలోని ఇనుముని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు, ఓ గంట ఆగి తాగితే మేలు. ఈ ఒక్క చిట్కా మీ దగ్గరే ఉంచుకోండి.

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక రోజు ఆవిడ చున్నీ నడుముకి బిగించి, "ఏవండీ, కింద క్లబ్ హౌస్‌లో ఆరింటికి యోగా క్లాసట, వెళ్లొస్తాను. ఉప్మా మీరు చేసేయండి" అనవచ్చు. ససేమిరా కాదనకండి. నవ్వుతూ సరేననండి. చెప్పులేసుకుని తలుపు దాకా వెళ్లనిచ్చి, రవ్వ డబ్బా ఎక్కడుందో అడగండి. తర్వాత ఆవాలు. ఆ తర్వాత, నీళ్లు ఎన్ని గ్లాసులు పోయాలో. ఆరూ పది ఎలాగూ అవుతుంది.