పాచికకు ముద్ర వేసేదెవరు?

హైదరాబాద్ శివారు చెంగిచెర్ల చౌరస్తాలో చాయ్ తాగుతూ నలుగురు ఫోన్లో లూడో ఆడితే ఒకడు గెలుస్తాడు, ముగ్గురు దర్యాప్తు కోరతారు. "రిగ్గింగ్ రా భాయ్! కావాలనే నాకు ఆరు పడనిస్తలేదు" అన్నది వాళ్ల ప్రాథమిక నివేదిక. గెలిచినవాడు విచారణకు ఎన్నడూ హాజరు కాడు. అతనిది తెలివి కదా, సర్వర్‌తో ఏం పని?

ఈ ఊళ్లో మాంసం మీద పరిశోధనకు ఏకంగా జాతీయ సంస్థే ఉంది. మటన్ కొట్టు తక్కెడకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. కిలోకి యాభై గ్రాములు తగ్గితే అడిగే దిక్కుంది. ఫోన్లో దొర్లే పాచికకు ముద్ర వేసే ఇన్‌స్పెక్టరు మాత్రం ఏ ఆఫీసులోనూ కనపడడు.

ఆ పాచికను పరీక్షించడం కష్టమా అంటే, కాదు. 600 సార్లు వేసి రాసుకోవాలి. ఒక్కో అంకె దాదాపు 100 సార్లు రావాలి. వచ్చిన తేడాను వర్గం చేసి 100తో భాగించి, ఆరు అంకెలకూ కూడాలి. మొత్తం 11.07 దాటితే అనుమానించొచ్చు. నిఖార్సైన పాచిక అంత దూరం పోయేది నూటికి ఐదుసార్లే. గణాంకవేత్త కార్ల్ పియర్సన్ 1900లోనే చెప్పిన లెక్క ఇది. మనవాడు ఇరవై సార్లు వేసి, ఆరు పడలేదని తీర్పిచ్చేస్తాడు. పెళ్లి పంక్తిలో కూర్చున్న నలభై మంది తలా ఇరవై సార్లు వేస్తే, ఒక్క ఆరూ పడనివాడు సగటున ఒకడుంటాడు. అరిచేది వాడే. మిగతా ముప్ఫైతొమ్మిది మంది పప్పు కలుపుకుంటూ ఉంటారు. (కంపెనీ తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. అంకెలన్నీ సమానంగా పడుతున్నా, కాయ చంపే సమయానికే ఆరును ఆపుతోందేమో ఆ 600 లెక్క పట్టుకోలేదు. అవసరమైనప్పుడు పడ్డవి విడిగా రాసుకోవాలి.)

ఓడితే అరిచే మన సంగతి ఆటలు తయారుచేసేవాళ్లకు బాగా తెలుసు. 'ఫైర్ ఎంబ్లెమ్' అనే జపాన్ ఆటలో, 2002 నుంచి వచ్చిన చాలా భాగాల్లో, దెబ్బ తగిలే అవకాశం నూటికి 90 అని తెర మీద చూపించి లోపల 98 సార్లు తగిలించారు. రెండు అంకెలు తీసి సగటు కట్టడమే అందులో కిటుకు. అదీ రిగ్గింగే. కానీ మనకు లాభించే రిగ్గింగు మీద చౌరస్తాలో ధర్నా జరగదు.

నిజంగా మోసం జరిగిన చోటు కూడా ఉంది. 'మేపుల్ స్టోరీ' ఆటలో డబ్బుకు అమ్మే వస్తువుల అవకాశాలను చెప్పకుండా తగ్గించారని, కొన్ని మంచి కలయికలకైతే సున్నా చేశారని తేలి, 2024 జనవరిలో దక్షిణ కొరియా నెక్సాన్ కంపెనీకి 1160 కోట్ల వోన్ల జరిమానా వేసింది.

మన దగ్గర? 1963లో సికింద్రాబాద్ క్రీసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పడ్డారు. కేసు సుప్రీంకోర్టుదాకా పోతే, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని 1967 నవంబరులో కోర్టు తేల్చింది. 2017లో తెలంగాణ, నైపుణ్యమైనా సరే, ఆన్‌లైన్‌లో పందెం వద్దంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా వద్దంది. నైపుణ్యమా, అదృష్టమా అని అరవై ఏళ్లు కొట్లాడుకున్నాం గానీ, ఆ అదృష్టం సరైన తూకంలో ఉందా అని అడిగిన వకీలు లేడు. పందెం పోయింది. బీజీఎంఐ అనే ఫోన్ ఆటలో క్రేట్లు (లోపల ఏముందో తెలియకుండా డబ్బుకు కొనే పెట్టెలు) ఇంకా తెరుచుకుంటూనే ఉన్నాయి, నాన్న ఫోన్‌పే మీదే.

లెక్క చూసుకోవడంలో మనకన్నా మహాభారతంలోని నలుడు నయం. పాచికల్లో ద్వాపరుడు దూరి రాజ్యం పోయాక, తాండ్ర చెట్టు కాయలు ఇన్నని, తాను రథం తోలుతున్న రాజు ఋతుపర్ణుడు చూపుతోనే చెబితే నమ్మలేదు. రథం ఆపి, చెట్టు నరికి, లెక్కపెట్టి చూసుకున్నాడు.

మనకు చెట్టు నరికే పని కూడా లేదు. ఇలాంటి పరీక్షలకే 1948లో కొత్త దారి వేసిన గణాంకవేత్త సి.ఆర్. రావు మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు; ఆయన పేరిట సంస్థ గచ్చిబౌలిలోనే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. అనుమానమున్నవాళ్లు చెంగిచెర్లలో బస్సెక్కి, కాగితం, పెన్ను పట్టుకుని పాచిక వేస్తూ పోవచ్చు. గచ్చిబౌలి చేరేలోపు 600 సులువుగా పూర్తవుతాయి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్ సహకరిస్తే, సరిచూసుకోవడానికి ఇంకో 600.