డిప్‌స్టిక్ బావ

మా వీధిలో కొత్త మనిషి వస్తే కుక్క లేస్తుంది, బానెట్ ఎత్తితే మా బావ వస్తాడు. చంపాపేటలో ఆయన ఇల్లు మాకు రెండు వీధుల అవతల. అంత దూరానికి బానెట్ చప్పుడు ఎలా వినబడుతుందో మా అక్కకే ఇంతవరకు అంతుబట్టలేదు. అన్నానికి రమ్మని పక్కగదిలోంచి మూడుసార్లు పిలిస్తే గానీ వినబడదు మరి.

వచ్చినవాడు ఏమైందని అడగడు. అద్దం కడిగే నీళ్ళు పోద్దామని ఎత్తానని నేను చెప్పేలోపే లాల్చీ జేబులోంచి చదరంగా మడతపెట్టిన పాత బనియను ముక్క తీస్తాడు. ఇంజన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగుతాడు, తుడుస్తాడు, మళ్ళీ ముంచుతాడు, మళ్ళీ లాగుతాడు. అనుమానం వచ్చిన వోచరు మీద సంతకం చూసినట్టు వెలుతురుకు పెట్టి చూస్తాడు. తరవాత చివరి బొట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా రుద్ది, వేళ్ళు విడదీస్తాడు. అర్సెల పాకం తీగ వచ్చిందా లేదా అని మా అక్క చూసేదీ ఇట్లాగే. అక్కకు తీగ వస్తుంది. బావకు రాదు.

"గిది ఆయిలా బామ్మర్దీ? నీళ్ళ లెక్కున్నది."

అప్పటికి మా కారు వయసు పదకొండు నెలలు. తిరిగింది 8,700 కిలోమీటర్లు. కొన్న రోజు కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి ముందు పూజకు పెట్టి నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు సర్దుతుంటే, పూజారి కొబ్బరికాయ కొట్టకముందే బావ అడిగాడు, "ఆయిల్ ఏం పోసిండ్రు?" అని. రేటు అడగలేదు, ఫైనాన్సా క్యాషా అడగలేదు, చివరికి మైలేజీ కూడా అడగలేదు. కొత్త బండి చూసి మైలేజీ అడగని తెలుగువాణ్ణి నేను చూడటం అదే మొదలు.

ఆయన మెకానిక్కు కాదు. ముప్పై రెండేళ్ళు ఆడిట్‌లో చేసి రిటైరయ్యాడు. ఆయిల్ పిచ్చి బజాజ్ చేతక్ కాలంలో పట్టుకుంది. టూ-స్ట్రోక్ బండి కాబట్టి పెట్రోల్‌లోనే 2టీ ఆయిల్ కలిపి కొట్టించాలి, లీటరుకు 20 మిల్లీలీటర్లు. బంకులో కుర్రాడు చేతిపంపు సగం నొక్కి వదిలేస్తే బావ ఊరుకునేవాడు కాదు. వెనక ఎన్ని హారన్లు మోగినా "పూరా దించు" అని నిలబడేవాడు. ఆయిల్ ఎక్కువైతే పొగొస్తుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. పొగొస్తే పక్కింటివాడు దగ్గుతాడు, పిస్టన్ పట్టేస్తే మన జేబు దగ్గుతుంది అని ఆయన లెక్క. చేతక్ అమ్మేసి ఇరవై ఏళ్ళు దాటింది. లెక్క మాత్రం మారలేదు.

ఆ లెక్కలోంచే చిక్కదనం సిద్ధాంతం పుట్టింది. పాలైనా, పప్పుచారైనా, ఆయిలైనా చిక్కగా ఉంటేనే సత్తువ. మా బండి పుస్తకంలో 0డబ్ల్యూ-16 అని రాసుంది. బావ నోట ఎప్పుడూ 20డబ్ల్యూ-40 తప్ప మరో అంకె రాదు. మొదటిసారి పుస్తకం తెరిచి ఆయనకు చూపించినప్పుడు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "సున్నా? సున్నా గ్రేడ్ ఆయిల్ బండ్ల పోస్తరా?" అన్నాడు. అన్నేళ్ళు ఆడిట్ చేసిన మనిషికి సున్నా కనిపిస్తే మిగతా అంకెలు కనిపించవు.

ఆ డబ్ల్యూ అంటే చలికాలం అని చెప్పాను. దాని ముందున్న అంకె చల్లటి ఇంజన్‌లో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది, వెనక అంకె వంద డిగ్రీల వేడి దగ్గర ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. నోరు తెరిచి చలికాలం అనడమే నా తప్పయింది.

"చలి యాడుంది బామ్మర్దీ హైదరాబాద్‌ల? మే నెలల నలభై మూడు గొడుతది. గా పుస్తకం జపాన్‌ల గూసోని రాసిండ్రు. ఆడ మంచు పడతది."

ఇక్కడ నాకు నిజంగానే ఒళ్ళు మండింది. బయట నలభై మూడున్నా, పదమూడున్నా, బండి వేడెక్కాక థర్మోస్టాట్ ఇంజన్ నీళ్ళను దాదాపు తొంభై డిగ్రీల దగ్గరే ఉంచుతుంది. లోపలి ఆయిల్‌కు అది చంపాపేటో, ఆదిలాబాదో తెలియదు. చలి అంటే మంచు కురవడమే కానక్కర లేదు. రాత్రంతా ఆగిన ఇంజన్‌ను పొద్దున తిప్పగానే, కింద సంపులో ఉన్న ఆయిల్ పైదాకా ఎక్కేలోపే అరుగుదల ఎక్కువ. పలచన ఆయిల్ గబగబా ఎక్కుతుంది, చిక్కటిది తాపీగా వస్తుంది. 40 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం వంద డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్సులు, 16 గ్రేడ్‌ది 6.1 నుంచి 8.2. అంటే సుమారు సగం. పలచన ఆయిల్‌కని సన్నగా పెట్టిన సందుల్లోకి దానికి రెట్టింపు చిక్కనిది నెడితే వారంటీలో ఉన్న బండి బాగుపడదు. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాను. బావ శ్రద్ధగా విని, వేళ్ళు బనియను ముక్కకు తుడుచుకుని, "అయినా నీళ్ళ లెక్కున్నది" అన్నాడు.

ఆయన మాటలో సగం నిజం లేకపోలేదు, అదే నాకు మరీ చిరాకు. పలచన గ్రేడ్లు వచ్చిందే ముఖ్యంగా మైలేజీ కోసం. ఈ 16 గ్రేడ్‌ను ఆయిల్ గ్రేడ్లు నిర్ణయించే ఎస్‌ఏఈ పట్టికలో చేర్చిందే 2013లో. ఆయన చూసిన బండ్లన్నీ లక్ష దాటి, రింగులరిగి, బోరుకొచ్చినవి. వాటిలో చిక్కటి ఆయిల్ పోస్తే పొగ కాస్త తగ్గుతుంది. ముసలి రోగికి పనిచేసిన మందును పదకొండు నెలల పిల్లకు పోయాలంటాడు, అంతే తేడా.

గ్రేడ్ మీద గెలవలేక ఒకసారి డబ్బా మీదున్న ఏపీఐ నాణ్యత ముద్ర చూపించాను. పెట్రోల్ బండ్లకు 2010లో ఎస్‌ఎన్ వచ్చింది, 2020లో ఎస్‌పీ వచ్చింది, కొత్తది పాతదానికంటే మేలు అన్నాను. ఆడిటర్ వదుల్తాడా?

"ఎన్ తర్వాత ఓ రావాలె గదా. ఓ యాడబోయింది?"

వదిలేశారన్నాను. వెనక్కి లెక్కపెట్టించాడు. ఎస్‌కే కూడా లేదు, ఎస్‌ఐ కూడా లేదు. "ఎస్సై లేడు గని ఎస్పీ ఉన్నడా! గిదేం డిపార్టుమెంటు?" అని పకపకా నవ్వాడు. ఆ రోజు చాయ్ నేనే పోయించాను.

కంపెనీల మీదా ఆయనకు అభిప్రాయాలున్నాయి. సర్వో అంటే ప్రభుత్వ సొమ్ము కాబట్టి నమ్మకం. క్యాస్ట్రాల్ అంటే బంధుత్వం. ఆ పేరు క్యాస్టర్ ఆయిల్, అంటే ఆముదం నుంచి వచ్చింది. పాత రోజుల్లో ఆ కంపెనీ ఆయిల్‌లో ఆముదం కలిపేవారు. ఇది నిజమే. అక్కణ్ణుంచి బావ సొంతంగా ముందుకు సాగుతాడు: ఆముదం పండేది మన పాలమూరులో, నల్లగొండలో, కాబట్టి ఇంగ్లండోడి ఇంజన్లు తిరిగింది మన గింజలతోనే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని నేను లోపల అనుకుంటాను. పైకి అనను, అక్క వింటుంది.

పోయిన నెలలో ఒకరోజు అరలీటరు ఆయిల్ తక్కువుందని తేల్చాడు. ఇంకేం, లీకు ఎక్కడ అని కింద అట్టముక్కలు పరిచి వెతికాడు. చివరికి చూస్తే బండి గేటు ముందు ఏటవాలు ర్యాంపు మీద ఉంది, ముందు చక్రాలు పైకి, వెనకవి కిందికి. పైగా నేను అప్పుడే వచ్చి ఇంజన్ ఆపాను. ఆయిల్ చూడాలంటే బండి చదునుగా ఉండాలి, ఆపాక కొన్ని నిమిషాలైనా ఆగితే పైనున్నది కిందికి దిగుతుంది. రోడ్డు మీదికి దించి, పది నిమిషాలాగి చూస్తే రెండు గీతల నడుమ బుద్ధిగా ఉంది. "నేనొచ్చినంక నిండింది" అన్నాడు బావ.

ఇంతసేపూ నవ్వాను కదా, ఒక్క సంగతి చెప్పకపోతే పాపం. 2020 అక్టోబర్‌లో ఆ కుండపోత కురిసినప్పుడు సరూర్‌నగర్ చెరువు పక్క కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. మాకు తెలిసినవాళ్ళ కారు సెల్లారులో సీట్ల దాకా మునిగింది. నీళ్ళు తీశాక యజమాని తాళం పట్టుకుని ఎక్కబోతుంటే బావ చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. అదే బనియను ముక్క, అదే డిప్‌స్టిక్. కొసన అంటుకున్నది ఆయిల్ రంగు కాదు, పాలు ఎక్కువైన చాయ్ రంగు. "తాళం తిప్పితే ఇంజన్ సచ్చిపోతది" అన్నాడు. సిలిండర్‌లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని తాడు కట్టి లాగించారు, ఆయిలూ ఫిల్టరూ మార్పించారు, అది ఇప్పటికీ తిరుగుతోంది. అదే సెల్లారులో ఆగలేక సెల్ఫ్ కొట్టిన మరొకాయనకు ఇంజన్ మొత్తం విప్పించాల్సొచ్చింది. ఆ రోజు బావ రుద్దుడు చూసి ఎవరూ నవ్వలేదు.

ఇక నా సంగతి. బావను వెక్కిరించే నేను ఈ మూడు వారాలూ రాత్రుళ్ళు ఏం చేశానంటారా? బండి పుస్తకాన్ని డిటెక్టివ్ నవలలా చదివాను. సింథటిక్, సెమీ సింథటిక్, మినరల్ అని ఒకదాని మీద ఒకటి ఫోన్‌లో వీడియోలు చూశాను. ఆయిల్ నల్లబడితే చచ్చినట్టు కాదనీ, మసిని తనలో కలిపేసుకుని తన పని చేస్తున్నట్టేననీ తెలుసుకుని, అర్ధరాత్రి మా ఆవిణ్ణి లేపి చెప్పాను. ఆవిడ "మీ బావ నయం, పగలొస్తాడు" అని అటు తిరిగి పడుకుంది. అంతటితో ఆగలేదు. డిస్కౌంటు చూసి ఆన్‌లైన్‌లో ఒక డబ్బా తెప్పించాను. ఏ గ్రేడ్ అనుకున్నారు? 5డబ్ల్యూ-30. పుస్తకం చెప్పింది కాదు, బావ చెప్పిందీ కాదు. ఇద్దరికీ కోపం రాకుండా మధ్యస్థంగా ఉంటుందని కొన్నాను. ఇంటివాళ్ళకు కనబడకుండా అటక మీద సూట్‌కేసుల వెనక పెట్టాను.

పదివేల సర్వీసుకు బావ కూడా వచ్చాడు. ఖాళీ డబ్బాకు మేకుతో బొక్క పొడవాలని ఆయన పట్టుదల. వదిలేస్తే అందులోనే నకిలీ ఆయిల్ నింపి అమ్ముతారని భయం, ఆ భయం సబబైనదే. కానీ అక్కడ డబ్బా లేదు, పీపాలోంచి గొట్టంతో పోస్తున్నారు. పొడవడానికేమీ దొరక్క, మేకు జేబులో వేసుకుని, ఏసీ గదిలో కూర్చుని, ఫ్రీ కాఫీ రెండు తాగి నిద్రపోయాడు. ఫ్రీ సర్వీసు అంటే కూలి ఒక్కటే ఫ్రీ, ఆయిల్‌కూ ఫిల్టర్‌కూ డబ్బులు కట్టాలన్న విషయం ఆయన గురకలో కొట్టుకుపోయింది. వాళ్ళు పుస్తకంలో ఉన్న 0డబ్ల్యూ-16 పోశారు. బిల్లు మీద ఆ అంకె చూసి మడిచి జేబులో పెట్టుకున్నాను.

మరుసటి ఆదివారం బానెట్ లేవగానే వచ్చాడు. లాగాడు, తుడిచాడు, ముంచాడు, రుద్దాడు. మొహం విప్పారింది.

"ఇప్పుడు జెర చిక్కగైంది. నా మాట ఇన్నవు సూడు."

నేను తల ఊపాను.

అటక మీది డబ్బా ఇంకా సీలు విప్పలేదు. మీ బండి పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని రాసుంటే చంపాపేట వచ్చి పట్టుకెళ్ళండి, డబ్బులొద్దు. కానీ మా వీధిలో మాత్రం బానెట్ ఎత్తకండి.